జయపురం నుంచి విశాఖ రాత్రి రైలు, జనవరి చలి: ఇద్దరికీ కలిపి ఒక్క సైడ్ లోయర్, ఎలా గట్టెక్కాలి?

కొలాబ్‌గట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది ఒడిశా జయపురం. జనవరి రెండో వారంలో నేనూ నా స్నేహితుడూ విశాఖపట్నం వెళ్ళాలి. పొద్దున తొమ్మిదికల్లా పరీక్ష సెంటర్ గేటు దగ్గర ఉండాలి. కిరండోల్ నుంచి వచ్చే రాత్రి రైల్లో స్లీపర్ టికెట్టు తీస్తే ఆర్‌ఏసీ వచ్చింది. అంటే ఇద్దరికీ కలిపి ఒక్క సైడ్ లోయర్. ఏసీ బోగీల్లో వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంది, ఆ ఆశ వదిలేశాం.

అసలు దిగులు మావాడి గురించి. సన్నటి మనిషి, ఉబ్బసం ఉంది. చలిగాలి తగిలితే పిల్లికూతలు మొదలవుతాయి. ఇన్‌హేలర్ వాడతాడు. రైలు వద్దనుకుంటే ఉన్న రెండో దారి నా 125 సీసీ బైకు. కొరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి మీదుగా సుంకి ఘాటు దిగి సాలూరు, అక్కణ్ణుంచి విజయనగరం.

ఇంట్లో ఉన్న సరంజామా ఇది: చెరో స్వెట్టరు, ఒక ఉన్ని రగ్గు, ఒక కాటన్ దుప్పటి, ప్యాంటూ కోటూ కలిసిన రెయిన్‌కోటు సెట్టు ఒకటి, మంకీ టోపీ ఒకటి, స్టీలు ఫ్లాస్కు ఒకటి. కొత్తగా కొనాలంటే ఇద్దరికీ కలిపి వెయ్యి రూపాయల దాకా పెట్టగలం. రైలా బైకా? ఏం కొనాలి? ఆ ఒక్క బెర్తు మీద ఇద్దరం ఎలా సర్దుకోవాలి? "స్వెట్టరు వేసుకుని వేడి టీ తాగండి" అనే దానికన్నా కాస్త లోతుగా చెప్పగలరు.

సైడ్‌అప్పర్_72:

రైలే. రెండో ఆలోచన పెట్టుకోకండి. బైకు సంగతి తెలిసినవాళ్ళు ఎలాగూ చెబుతారు, నేను బోగీ లోపలి సంగతి చెబుతాను.

ముందు చలి ఎక్కడ మొదలై ఎక్కడ తగ్గుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. జయపురం సుమారు 650 మీటర్ల ఎత్తులో ఉంది, కొరాపుట్ 870. అక్కణ్ణుంచి లైను పాడువా మీదుగా అరకు వచ్చి, సిమిలిగుడ స్టేషన్ దగ్గర 996 మీటర్లకు చేరుతుంది. (ఇది ఆంధ్ర వైపు, అరకు దాటాక వచ్చే స్టేషన్. కొరాపుట్ పక్కనున్న సెమిలిగుడ ఊరు వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.) ఆ తర్వాత బొర్రా గుహలు, సొరంగాలు, దిగుడే దిగుడు. శివలింగపురం దాటి శృంగవరపుకోట వైపు వచ్చేసరికి గాలి మెత్తబడుతుంది. కాబట్టి మీరు కాచుకోవలసింది కొరాపుట్ నుంచి బొర్రా దాకా. ఆ ముక్కకి ఒంటి మీద పూర్తి కట్టుదిట్టం ఉండాలి. మైదానంలోకి దిగాక ఒక్కో పొర తీసేయాలి. తీయకుండా నిద్రపోతే చెమట పట్టి లోపలి బట్ట తడుస్తుంది, స్టేషన్లో దిగి గాలి తగలగానే మళ్ళీ వణుకు.

ఇప్పుడు సైడ్ లోయర్. స్లీపర్ బోగీలో చలికి అన్నిటికన్నా చెడ్డ చోటు ఇదే. కారణాలు మూడు. ఇద్దరి మోచేతుల పక్కనా చెరో కిటికీ ఉంటుంది. రెండు వైపుల వీపుపలకలు వాల్చి బెర్తుగా పరిస్తే నడుము కింద అతుకు వస్తుంది, ఆ సందులోంచి గాలి నేరుగా పైకి కొడుతుంది. మూడోది నడవ. ఎవరు తలుపు తీసినా గాలి నడవ వెంటే వస్తుంది.

కిటికీకి రెండు తలుపులుంటాయి, ఒకటి అద్దం, ఒకటి రేకుది. రెండూ దించాలి. దించగానే అయిపోలేదు. రెండు చివర్లా గొళ్ళేలు గాడిలో కూర్చున్నాయా లేదా అని వేలితో నొక్కి చూడండి. ఒక పక్క కూర్చుని రెండో పక్క కూర్చోకపోతే తలుపు ఏటవాలుగా నిలబడి, కింద చిటికెన వేలు పట్టేంత సందు మిగులుతుంది. దీపం వెలుతురులో అది కనిపించదు. అరచెయ్యి తడి చేసి కిటికీ అడుగున అటూ ఇటూ జరిపితే గాలి ఎక్కడ వస్తోందో చల్లగా తెలిసిపోతుంది. అక్కడ న్యూస్‌పేపరును బొటనవేలంత లావుగా చుట్టి కూరండి. పాత కాటన్ గుడ్డ పెట్టకండి, మంచుకి తడిసి నీళ్ళు కారుస్తుంది. మీ బేలో (ఎనిమిది బెర్తుల అరలో) ఎర్రరంగు వేసిన ఎమర్జెన్సీ కిటికీ ఉంటే మాత్రం దాన్ని ముట్టుకోవద్దు, ఏమీ కూరవద్దు.

బెర్తు మధ్య అతుక్కి నాలుగు పేపరు షీట్లు మడత పెట్టి పరిచి, దాని మీద కాటన్ దుప్పటి నాలుగు మడతలు వేయండి. చాలామంది ఉన్నదంతా పైనే కప్పుకుంటారు. కింద ఏమీ లేకపోతే పైన రెండు రగ్గులున్నా వీపు చల్లబడుతూనే ఉంటుంది. ఒంటి బరువుకి స్వెట్టరు నలిగిపోయి అందులోని గాలి బయటికి పోతుంది. వెచ్చదనం నిలబెట్టేది ఆ గాలే.

ఇద్దరూ ఎలా ఉండాలంటారా? వీపుపలకలు వాల్చి బెర్తుగా పరిచాక, దాని మీద ఎదురెదురుగా కూర్చుని కాళ్ళు చాపుకోండి. ఒకరి పాదాలు ఇంకొకరి తొడ పక్కకి రావాలి. ఒక్క ఉన్ని రగ్గు ఇద్దరి కాళ్ళ మీదా నడుము దాకా కప్పి, అంచులు తొడల కింద దోపండి. నాలుగు కాళ్ళు ఒకే రగ్గు కింద ఉంటే చెరో దుప్పటి కప్పుకున్న దానికన్నా పాదాలు త్వరగా వెచ్చబడతాయి. వీపుకీ బెర్తు చివర పలకకీ మధ్య బట్టల సంచీ పెట్టుకోండి. తల కిటికీ రేకుకి ఆనించవద్దు, ఆ ఇనుము వేడి మొత్తం లాగేస్తుంది.

ఇంకో సంగతి. చార్టు వేశాక ఎక్కని వాళ్ళ బెర్తులు టీటీఈ ఆర్‌ఏసీ వాళ్ళకే ముందు ఇస్తారు. ఆయన రాగానే మావాడికి ఉబ్బసమని చెప్పి, ఏ బెర్తు ఖాళీ అయినా పర్వాలేదు కానీ వీలుంటే అప్పర్ ఇవ్వమని అడగండి. మామూలు బోగీలో 3, 6 అప్పర్లు, 8 సైడ్ అప్పర్, అలా ఎనిమిదేసి చొప్పున లెక్క. అప్పర్ బెర్తుకి కిటికీ ఉండదు, డెబ్భై మంది ఊపిరి వేడి పైకే చేరుతుంది. బోగీ మధ్య బేలు ఇంకా నయం. రెండు చివర్ల బేలకి తలుపుల గాలి, మరుగుదొడ్ల గాలి తప్పదు. పైకి ఎక్కాక ఫ్యాను స్విచ్చి ఆపి ఉందో లేదో చూసుకోండి. అలవాటుగా ఎవరో ఒకరు వేసేస్తారు.

ఘాట్‌దిగువ:

బైకు గురించి. రాత్రి వద్దు. ఉబ్బసం ఉన్న మనిషిని వెనక కూర్చోబెట్టుకుని అసలే వద్దు. ఎందుకో లెక్క చెబుతాను.

డిసెంబరు, జనవరిలో సెమిలిగుడ, పొట్టంగి వైపు రాత్రి 6 నుంచి 8 డిగ్రీలకు పడిపోవడం మామూలే. గాలి 8 డిగ్రీలు ఉండి మీరు గంటకి 50 కి.మీ. వేగంతో పోతే చర్మానికి తగిలే చలి దాదాపు 3 డిగ్రీలంత. అదే 6 డిగ్రీలైతే ఇంచుమించు సున్నా. చేతివేళ్ళకి గాలి ఎదురుగా తగులుతుంది కాబట్టి అరగంటలో మొద్దుబారతాయి. బ్రేకు లివరు ఎంత నొక్కామో తెలియదు. ఘాటులో అది చాలా ప్రమాదం. వెనక కూర్చున్నవాడికి ఛాతీకి గాలి తక్కువే, కానీ కదలిక ఉండదు, మోకాళ్ళూ పాదాలూ బయటే ఉంటాయి. చలికి ముడుచుకుని కునుకు తీస్తాడు. మలుపులో వాలిపోయేది వాళ్ళే.

కొండ మీద కన్నా లోయలో వెచ్చగా ఉంటుందని కూడా అనుకోకండి. గాలి లేని రాత్రి చల్లగాలి బరువెక్కి కిందికి జారి పొలాల పల్లంలో, గెడ్డల దగ్గర మడుగు కడుతుంది. రోడ్డు దిగి కల్వర్టు దాటే చోట ఉన్నట్టుండి చలి కరిచినట్టు ఉంటుంది, పొగమంచూ అక్కడే. హై బీమ్ వేస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు. లో బీమ్ పెట్టుకుని ఎడమ అంచు గీత పట్టుకుని పోవాలి. వెనక రేడియం స్టిక్కరు అంటించని లారీ ఆగి ఉంటే అదీ కనిపించదు.

రైలు టికెట్టు చెడి తప్పనిసరిగా బైకే అయితే ముందు రోజు మధ్యాహ్నం పన్నెండింటికే బయల్దేరండి. జనవరిలో అక్కడ ఐదున్నరకే పొద్దు గూకుతుంది. వెలుతురుండగానే సుంకి ఘాటు దిగి సాలూరు చేరాలి. అప్పటినుంచి రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం అంతా మైదానం. విశాఖలో రాత్రి పడుకుని పొద్దున పరీక్షకి వెళ్ళండి.

పగలైనా ఇవి మానకండి. రెయిన్‌కోటు వాన లేకపోయినా స్వెట్టరు పైన వేసుకోవాలి. ఉన్ని అల్లికలోంచి గాలి దూసుకుపోతుంది, రెయిన్‌కోటు దాన్ని ఆపుతుంది. స్వెట్టరుకీ రెయిన్‌కోటుకీ మధ్య ఛాతీ మీద ఐదారు పేపరు షీట్లు పెట్టి జిప్పు వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఉన్ని గ్లౌజుల లోపల వంటింట్లో వాడే పల్చటి రబ్బరు గ్లౌజులు వేసుకోండి. గంటకోసారి తీసి చెమట తుడుచుకోవాలి, లేకపోతే అదే తడి చలి పుట్టిస్తుంది. సాక్సు రెండు జతలు వేస్తే బూటు బిగుసుకుపోకూడదు. వేళ్ళు ఆడకపోతే రక్తం పారదు, రెండు సాక్సుల కన్నా ఒక్కటే నయమనిపిస్తుంది. హెల్మెట్ అద్దం మసకబారకుండా గిన్నెలు తోమే సబ్బునీళ్ళు ఒక్క చుక్క లోపలివైపు పూసి, మెత్తటి గుడ్డతో కనపడనంత పల్చగా తుడవండి.

టైర్ల గాలి బయల్దేరే ముందు చల్లటి టైర్ల మీదే చూడండి. ఐదారు డిగ్రీలు తగ్గితే సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. మధ్యాహ్నం ఎండలో పట్టించిన గాలి తెల్లవారుజాము చలిలో రెండు పాయింట్లు తక్కువ చూపిస్తే పంక్చరని కంగారు పడనక్కర్లేదు. ఘాటు దిగేటప్పుడు రెండో గేరు, మూడో గేరులో ఇంజనుతోనే ఆపుకుంటూ రావాలి. క్లచ్ పట్టి జారవిడవద్దు.

శొంఠికాఫీ:

మావాడు అన్న మనిషి గురించి రాస్తున్నాను, ఎందుకంటే ఈ ప్రయాణంలో అసలు చూసుకోవలసింది అదే.

చల్లటి పొడిగాలి శ్వాసనాళాల్లో తేమని పీల్చేస్తుంది, దాంతో అవి బిగుసుకుంటాయి. పిల్లికూతలకి కారణం ఇదే. కాబట్టి ముక్కూ నోరూ కలిపి మఫ్లరు రెండు చుట్లు, వదులుగా. విడిచిన ఊపిరిలోని వేడీ తేమా బట్టలో చిక్కుకుని, తర్వాతి ఊపిరికి తిరిగి వస్తాయి. బట్ట తడిసి చల్లబడితే పొడి వైపుకి తిప్పుకోవాలి. అందుకే పొడుగు మఫ్లరు కొనండి. నోటితో కాదు, ముక్కుతోనే పీల్చమనండి.

ఇన్‌హేలర్ బ్యాగులో పెట్టకూడదు. డబ్బా బాగా చల్లబడితే లోపలి ఒత్తిడి తగ్గి మందు సరిగ్గా చిమ్మదు. చొక్కా లోపలి జేబులో, ఒంటికి ఆనేలా ఉండాలి. రోజూ వాడే మందు ఆ రోజు మానకూడదు. డాక్టరు గారిని ముందే కలిసి, ఆయాసం వస్తే ఏం చెయ్యాలో కాగితం మీద రాయించుకోండి. అదే మొదటి మాట. అలాంటిదేమీ లేనప్పుడు మామూలుగా చెప్పే పద్ధతి ఇది: నిటారుగా కూర్చోబెట్టి, ఆయాసం తగ్గించే ఇన్‌హేలర్ స్పేసర్‌లోకి (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టంలాంటి డబ్బాలోకి) ఒక్కసారి నొక్కి నాలుగు ఊపిరులు పీల్చాలి. అలా నాలుగు సార్లు. నాలుగు నిమిషాలు ఆగి, తగ్గకపోతే మళ్ళీ నాలుగు. వాక్యం పూర్తిగా పలకలేకపోతున్నా, పెదాలు నీలమవుతున్నా ఆలస్యం చేయొద్దు. రైల్లో 139కి ఫోను చేసి టీటీఈకి చెప్పండి, పెద్ద స్టేషన్లో డాక్టరు వచ్చేలా చూస్తారు. రోడ్డు మీదైతే 108. కొండల్లో సిగ్నల్ పోతూ ఉంటుంది, కాబట్టి జబ్బు ముదిరేదాకా ఆగకుండా స్టేషన్ రాగానే చెప్పాలి.

మీరు ఎదురెదురుగా కూర్చుంటారు కనుక ఒకరి ముఖం ఒకరికి కనపడుతుంది, అది మంచిదే. చలి బాగా పట్టిన మనిషికి తనకి చలి పట్టిందని చాలాసార్లు తెలియదు. వణుకుతూ మామూలుగా మాట్లాడుతుంటే పర్వాలేదు, ఇంకో పొర వేసి, తియ్యటి వేడి పాలో టీయో ఇవ్వండి. మాట ముద్దగా వస్తున్నా, జిప్పు లాగడం, గుండీ పెట్టడం లాంటి చిన్న పనికి వేళ్ళు సహకరించకపోయినా, పలకరిస్తే విసుక్కుని ముడుచుకున్నా అది మామూలు చలి కాదు. వణుకు ఆగిపోయి మగతగా ఉంటే తగ్గిందని సంబరపడకూడదు, ముదిరిందని అర్థం. తడిబట్ట తీసేసి, తలా మెడా ఛాతీ ముందు వెచ్చబరచాలి. చేతులూ కాళ్ళూ గట్టిగా రుద్దకూడదు. మొద్దుబారిన వేళ్ళని నిప్పు దగ్గర పెట్టకూడదు, కాలినా తెలియదు.

మద్యం సంగతి అడగలేదు కానీ చెప్పేస్తున్నాను. "ఒక పెగ్గు వేస్తే వెచ్చగా ఉంటుంది" అనే మాట నమ్మొద్దు. చర్మం కింద రక్తనాళాలు విప్పారి ఒళ్ళు వేడెక్కినట్టు అనిపిస్తుంది, నిజానికి లోపలి వేడి బయటికి పోతుంది.

ఎక్కే ముందు గంట ముందుగా కడుపునిండా తినండి. అన్నం పప్పు నెయ్యి, లేదా చోడి (రాగి) ముద్ద. ఫ్లాస్కులో మజ్జిగ కలపని వేడి చోడి అంబలి బెల్లం వేసి పోసుకుంటే టీ కన్నా నిలుస్తుంది. దారిలో తినడానికి బెల్లం వేసిన వేరుశనగ ఉండలు చాలు.

కొలాబ్‌గట్టు:

చాలా చాలా థాంక్స్ అండీ. రైలే ఖాయం చేశాం. ఇంకో మూడు అనుమానాలు. ఒకటి, ఆ వెయ్యి రూపాయలు దేని మీద పెట్టమంటారు? రెండు, ప్లాస్టిక్ నీళ్ళ సీసాలో వేడినీళ్ళు పోసి రగ్గులో పెట్టుకోవచ్చా? మూడు, ప్లాట్‌ఫాం మీద గంటా గంటన్నర ఆగాల్సి రావొచ్చు, అక్కడ ఏం చెయ్యాలి? మా బంధువు ఒకాయన రైలొద్దు, తెలిసిన లారీ క్యాబిన్లో పంపిస్తాను, చిన్న బొగ్గుల కుంపటి పెట్టుకుంటే హాయిగా పోతారు అంటున్నారు.

ఘాట్‌దిగువ:

కుంపటి మాట తీసుకురావద్దని మీ బంధువు గారికి గట్టిగా చెప్పండి, దయచేసి. తలుపులు మూసిన క్యాబిన్లో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. వాసన రాదు, పొగ కనపడదు. తలనొప్పి, మగత, ఆపైన నిద్ర, ఆ నిద్రలోంచి లేవరు. కిటికీ కొంచెం తీసి పెట్టాం కదా అన్నా సరిపోదు. ఆగి ఉన్న కారులో ఇంజను ఆన్‌లో ఉంచి అద్దాలు మూసుకుని పడుకోవడమూ ప్రమాదమే. కుంపటి బయట ఆరుబయట కాచుకోవడానికే.

సైడ్‌అప్పర్_72:

డబ్బు సంగతి. ముందు రెండో మంకీ టోపీ. తర్వాత ఇద్దరికీ చెరో థర్మల్ చొక్కా, పాలిస్టర్ కలిసినది, ఒంటికి అతుక్కునేలా. లోపల కాటన్ బనియన్ వద్దు, చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది. డబ్బు మిగిలితే ఉన్ని సాక్సు చెరో జత, మావాడికి పొడుగు మఫ్లరు. సంతలో, రోడ్డు పక్క ఉన్ని బట్టల కొట్లలో బేరమాడితే వెయ్యిలోపే రావాలి. థర్మల్ ప్యాంట్లకి డబ్బు చాలకపోతే రెయిన్‌కోటు ప్యాంటు మామూలు ప్యాంటు మీద మావాడు వేసుకోవాలి, కోటు మీరు. ఎక్కాక కూర్చున్నప్పుడు గాలి తగిలేది కాళ్ళకే.

ప్లాస్టిక్ సీసా వద్దు. కొనుక్కున్న నీళ్ళ సీసా మరిగే నీళ్ళకి ముడుచుకుపోతుంది, మూత వదులై రగ్గు తడిసిందంటే ఇంతసేపు చెప్పుకున్నదంతా వృథా. ఒంటి పొర స్టీలు సీసా అయితే మంచిది, అందులో మరిగి ఐదు నిమిషాలు చల్లారిన నీళ్ళు పోసి, మూత బిగించి, తలకిందులుగా రెండు నిమిషాలు పట్టుకుని కారుతోందేమో చూసి, సాక్సులో దూర్చండి. ఫ్లాస్కు పనికిరాదు, అది వేడిని బయటికి రానివ్వదు. పాదాల దగ్గర కన్నా రెండు తొడల మధ్య పెట్టుకుంటే మేలు. అక్కడ పెద్ద రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి, వెచ్చబడ్డ రక్తం కాళ్ళలోకే దిగుతుంది. చర్మానికి నేరుగా తగలనివ్వకండి, నిద్రలో బొబ్బలెక్కినా తెలియదు. కొరాపుట్ వచ్చేదాకా ఫ్లాస్కులోనే వేడి దాచి, అక్కడ సీసాలోకి మారిస్తే బొర్రా దాకా సరిగ్గా అందివస్తుంది. అంబలికి ఇంకో ఫ్లాస్కు ఎవరినైనా అడిగి తెచ్చుకోండి.

ప్లాట్‌ఫాం మీద సిమెంటు బెంచీ మీద ఊరికే కూర్చోవద్దు. బట్టల సంచీ మీదో, మడత పెట్టిన అట్టపెట్టె మీదో కూర్చోండి. అదే అట్ట తర్వాత బెర్తు అతుకు మీద పరచడానికి పనికొస్తుంది. ఉన్నవన్నీ అక్కడే వేసేసుకోకండి. మంకీ టోపీ, మఫ్లరు, స్వెట్టరు చాలు. పది నిమిషాలకోసారి లేచి ప్లాట్‌ఫాం చివరిదాకా మెల్లగా నడిచి రండి, చెమట పట్టేంత వేగంగా కాదు. రగ్గు సంచీలోనే ఉండాలి. బయట మంచులో కప్పుకుంటే ఉన్ని తేమ పట్టి బోగీలోకి వెళ్ళాక బరువుగా, చల్లగా ఉంటుంది. రైలు ఆగే ముందే మీ బోగీ ఎక్కడ నిలుస్తుందో అడిగి తెలుసుకుని అక్కడ నిలబడండి. ఆ చలిలో మావాడు ప్లాట్‌ఫాం పొడుగునా పరుగెత్తితే ఎక్కేలోపే ఆయాసం మొదలవుతుంది.

శొంఠికాఫీ:

పరుగు గురించి ఆయన చెప్పింది చాలా ముఖ్యం. ఇంకొక్కటి కలుపుతాను. ఎక్కగానే ఇన్‌హేలర్, స్పేసర్ ఏ జేబులో ఉన్నాయో మావాడు మీకు చూపించాలి. చీకట్లో, రగ్గు కింద, ఆయాసంలో ఉన్న మనిషిని "ఎక్కడ పెట్టావురా" అని అడిగితే చెప్పలేడు. ఒకసారి మీ చేత్తో తీసి, మూత విప్పి, మళ్ళీ అక్కడే పెట్టండి.